పులికాట్‌కు బయలుదేరే ముందు

నాయుడుపేట

చిరంజీవులు శ్రీజకు, వరుణ్‌కు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో ఫ్లెమింగోలను చూడడానికి వెళితే పడవ వాటిని చేత్తో తాకేంత దగ్గరికి పోతుందా అని వరుణ్ అడిగినట్టు మీ అమ్మ చెప్పింది. పోదు నాయనా. ఎందుకు పోదో తెలిస్తే ఆ రోజు ప్రయాణం ఎలా వేసుకోవాలో కూడా తెలుస్తుంది.

పులికాట్ సరస్సు లోతైన గిన్నె కాదు, రసం పోసిన వెడల్పాటి పళ్లెం. వానలు పడితే ఆరణి, కాళంగి నదులు అందులో మంచినీళ్లు పోస్తాయి, సముద్రం ఉప్పు కలుపుతుంది, వేసవికి అంచులు ఎండి తెల్లటి చార మిగులుతుంది. రసంలో కొత్తిమీర తేలినట్టు అందులో నాచూ, చిట్టి రొయ్యలూ ఉంటాయి. ఫ్లెమింగో తలను తలకిందులుగా ముంచి, నాలుకతో నీళ్లను లోపలికి లాగి బయటికి తోస్తూ, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్లవంటి వాటితో ఆ తిండిని వడకట్టుకుంటుంది. బూడిద రంగులో పుట్టిన పిల్లకు గులాబి రంగు వచ్చేది ఆ తిండివల్లనే. (మీ నానమ్మ మాత్రం రసం వడకట్టదు, మిరియాలు మన పంటికిందికే వస్తాయి.) పక్షికి మోకాటిలోతు నీళ్లు చాలు, అక్కడికి పోతే పడవ బురదలో కూరుకుపోతుంది.

నా పదో ఏట మా నాన్న నన్ను భీమునివారిపాళెంలో పడవ ఎక్కించాడు. పడవ నడిపే పెద్దాయన గుంపుకు చాలా దూరంలోనే గెడను బురదలో దించి, కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. నేను ఉండబట్టలేక చప్పట్లు కొట్టాను. తెల్లగా కనిపించిన గుంపంతా ఒక్కసారిగా లేచింది, విప్పిన రెక్కల్లో ఎరుపూ నలుపూ చూసి నేను గంతులు వేశాను. ఆయన తిట్టలేదు, "తింటున్నవాళ్లను విస్తరి ముందునుంచి లేపేశావు కదయ్యా" అని పడవ వెనక్కి తిప్పాడు. ఇంటికి వచ్చాక నాకు అన్నం సయించలేదు.

కాబట్టి ముందు రోజు రాత్రికే మన ఇంటికి చేరండి. తెల్లవారేసరికి సూళ్లూరుపేట దాటి, సరస్సు మధ్యగా పోయే శ్రీహరికోట రోడ్డు మీద ఉండాలి. పడవలో కంటే అక్కడే పక్షులు దగ్గరగా కనిపించిన రోజులు ఉన్నాయి. తరువాత తడ వైపు పోయి పడవ ఎక్కుదాం. సాయంత్రానికి నేలపట్టు పక్షుల కేంద్రం చేరితే, నీళ్లలో నిలిచిన కడప చెట్లమీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు చూడవచ్చు.

వరుణ్, నీకొక పని. ఫ్లెమింగో తల ముంచినప్పుడు దాని ముక్కులో పై భాగం ఎటువైపు ఉంటుందో చూసి చెప్పాలి. నా బైనాక్యులర్ నీకే ఇస్తాను, శ్రీజకు కూడా వంతు ఇవ్వు.

మీ తాతయ్య