క్యాన్సర్ తగ్గాక వచ్చే ఒళ్లు

వైద్యం ముగిసి ఇంటికొచ్చిన మనిషిని చూడబోయే చుట్టాల చేతిలో హార్లిక్సో, బత్తాయిలో తప్పకుండా ఉంటాయి. "బాగా తినమ్మా, చిక్కిపోయావు" అంటారు. ఆరు నెలలకి కాస్త ఒళ్లు చేస్తే ఇంటిల్లిపాదికీ సంతోషం.

చిక్కేమిటంటే, కీమో నెలల్లో పోయిన బరువులో కండ చాలానే ఉంటుంది, తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వు. తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటా తీసుకునేది కండలే. అవి తగ్గితే షుగర్ పెరగడానికి దారి సుగమమే. కాబట్టి తూకంతో పాటు నడుం కూడా కొలుచుకోవాలి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు.

మందుల వంతూ ఉంది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించే ముందు ఎలర్జీ రాకుండా స్టెరాయిడ్ ఇస్తారు. దానివల్ల కాలేయం చక్కెర ఎక్కువ వదులుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ తరచు మధ్యాహ్నం తర్వాతే షుగర్‌ని లేపుతుంది, పరగడుపు పరీక్షకి దొరకదు. రక్తం ఎక్కించినా, రక్తహీనత ఉన్నా, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ అంకెనీ గుడ్డిగా నమ్మలేం. తిన్న రెండు గంటలకి చూసే పరీక్షే ఇక్కడ అక్కరకొస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు కండని తగ్గించి కొవ్వు పెంచుతాయి. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటుతో నోటి క్యాన్సర్లు కొత్త కాదు. ఆ వైద్యంలో మెడకి రేడియేషన్ పడినవారికి ఏళ్ల తర్వాతైనా థైరాయిడ్ మందగించి ఒళ్లు రావచ్చు.

వ్యాయామానికి ఈమధ్య గట్టి రుజువు దొరికింది. 2025లో వెలువడిన అధ్యయనంలో కీమో పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో సగం మందికి మూడేళ్లు దగ్గరుండి వ్యాయామం చేయించారు. ఐదేళ్లకి జబ్బు లేకుండా బతికున్నవారు వాళ్లలో 80 శాతం, సలహా పుస్తకాలతో సరిపెట్టినవారిలో 74.

విశాఖలో నడకకి చోటు వెతుక్కోనక్కర్లేదు, పొద్దున్నే బీచ్ రోడ్డు ఉండనే ఉంది. అయితే కీమోతో అరికాళ్లు తిమ్మిరెక్కినవారు ఇసుకలో చెప్పుల్లేకుండా నడవొద్దు. గవ్వ గుచ్చుకున్నా తెలియదు, షుగర్ ఉంటే ఆ పుండు ఓ పట్టాన మానదు. నడక ఒక్కటే కండని నిలబెట్టదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోవడం, గోడని తోయడం లాంటివీ కావాలి. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ అదీ పిండిపదార్థమే. పక్కన గుడ్డో, చేపో, పప్పో ఉండాలి.

క్యాన్సర్ చెకప్ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో, షుగర్ మందులు వీధి చివరి డాక్టరు దగ్గర అయితే రెండు ఫైళ్లూ ఎప్పటికీ కలవవు. డిశ్చార్జి కాగితం జెరాక్సు తీయించి షుగర్ డాక్టరుకి ఇస్తే, ఏయే మందులు వాడారో ఆయనకీ తెలుస్తుంది.