వాకింగ్ ట్రాక్ ఉంది, వరద కాలువ ఏది?

హైదరాబాద్‌లో చెరువును పార్కు చేయాలనుకున్నప్పుడల్లా ముందు గ్రిల్లు వస్తుంది, తర్వాత పేవర్ టైల్స్, ఆఖరున ఊరి పేరుతో సెల్ఫీ బోర్డు. రెండు వానాకాలాలు గడిచేసరికి నీళ్ళ మీద గుర్రపుడెక్క అల్లుకుంటుంది, ట్రాక్ మీద నడిచేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. కాంట్రాక్టరును తిట్టుకుంటాం గానీ, చాలాచోట్ల టైల్స్ పని బాగానే ఉంటుంది. చెరువులోకి రావాల్సిన వాననీరు రావడం లేదు, రాకూడని మురుగు ఏడాది పొడవునా వస్తోంది. ఈ తిరకాసు ఒక్కరోజులో పుట్టింది కాదు.

ఇక్కడిది రాతినేల, వాన నాలుగు నెలలే. అందుకే పల్లంలో వాగుకు అడ్డంగా కట్ట పోశారు, పొలాలకు నీరు వదలడానికి తూము పెట్టారు, మిగులు నీరు పోవడానికి కట్ట పక్కన అలుగు (మత్తడి) కట్టారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కాలువ పట్టుకుని కింది చెరువు చేరాలి, గొలుసుకట్టు చెరువులంటే ఇవే. 1562 నాటి హుస్సేన్ సాగర్‌కూ నీళ్ళు తెచ్చేవి నాలాలే: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే పరీవాహకంలో 788 చెరువులు తేలాయి, ఆ వానకు 221 తెగాయి. ఒకటి తెగితే ఆ నీరంతా కింది కట్ట మీద పడుతుంది, గొలుసుకట్టులో ఉన్న ప్రమాదం అదే. ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) ఆ వరద నేర్పిన పాఠం నుంచి వచ్చినవే.

గొలుసును కాపాడింది ఇంజినీర్లు మాత్రమే కాదు. తూము ఎప్పుడు తియ్యాలో, ఎంత తియ్యాలో చూసుకోవడానికి ఊళ్ళో నీరటి ఉండేవాడు. ఎండాకాలానికి చెరువు అడుగంటితే రైతులు ఒండ్రు మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్ళు. పూడిక తీత వేరే పథకం కాదు, సేద్యంలో భాగం. నగరం పెరిగి ఆయకట్టు ప్లాట్లయ్యాక తూము తీయమని అడిగేవాడు లేడు, మట్టి అడిగేవాడూ లేడు. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల వ్యర్థాలు, కాలనీల మురుగు నాలాల్లోకి మళ్ళాయి. ఆ మట్టి ఇప్పుడు పొలంలో వేసుకోదగినది కూడా కాదు.

అన్నిటికంటే పెద్ద మార్పు కంటికి కనిపించదు. వేసవిలో ఎండాల్సిన చెరువు మురుగుతో ఎప్పుడూ నిండే ఉంటుంది. జూన్‌లో మొదటి పెద్ద వాన పడేసరికి వరదను పట్టుకోవడానికి అందులో జాగా ఉండదు. నిండు చెరువు అందమే గానీ వరద విషయంలో లేనట్టే లెక్క.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆ తర్వాత కిర్లోస్కర్ కమిటీ నాలాలు వెడల్పు చేయాలంది. రెండు దశాబ్దాలు గడిచినా వెడల్పు అయింది కొంతే. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ అప్ప చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు తెగాయి.

చట్టం లేదనడానికి లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నిండుమట్టం హద్దు (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. కొలత మొదలయ్యేది మాత్రం ఎఫ్‌టీఎల్ నుంచి, ఆ ఎఫ్‌టీఎల్‌ను తేల్చేది అలుగు మట్టం. శిఖం భూమి (చెరువు నీళ్ళు నిలిచే నేల) వాలు నూటికి ఒకటి ఉందనుకుందాం. ఎవరో రాత్రికి రాత్రి అలుగు రాళ్ళు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు కొట్టేస్తే నీటి అంచు 30 మీటర్లు వెనక్కి పోతుంది. బఫరూ దాంతోపాటే జరుగుతుంది. అందుకే ఇవాళున్న అలుగును పట్టుకుని సర్వే చేస్తే సగం ఆట అక్కడే పోయినట్టు. పాత గ్రామ నక్షా, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, పాత ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి అసలు మట్టం తేల్చాకే హద్దురాళ్ళు పాతాలి.

ఇక పార్కు పనిలో జరిగే తప్పుల్లో మొదటిది రింగ్ బండ్. చెరువుకు కట్ట ఒకవైపే ఉంటుంది. మిగతా వైపులా నేల వాలుగా దిగుతుంది, వాననీరు అటునుంచే వస్తుంది. కబ్జాలు ఆగుతాయని, నడవడానికి బాగుంటుందని చుట్టూ కట్ట పోస్తారు. ఉద్దేశం మంచిదే. వాన పడితే మాత్రం నీళ్ళు ఆ కట్ట బయటే ఆగి కాలనీలో నిలుస్తాయి. దారి వదిలామంటూ రెండు పైపులు చూపిస్తారు. మీటరు వ్యాసం పైపులు రెండు కలిస్తే అడ్డుకోత 1.57 చదరపు మీటర్లు. 4 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు నాలాది 6. నాలుగో వంతు దారి, దానికీ ఒక జాలీ, జాలీకి ప్లాస్టిక్ కవర్లు. పాత కాలువ వెడల్పుకు సరిపడే బాక్స్ కల్వర్టు తప్ప ఇక్కడ వేరే ఉపాయం లేదు.

రెండోది మురుగు మళ్ళింపు. నాలాకు అడ్డంగా చిన్న గోడ కట్టి, పక్కనుంచి పైపులో మురుగును ఎస్టీపీకి (మురుగు శుద్ధి కేంద్రానికి) పంపాలి, వానొస్తే నీరు గోడ దూకి చెరువులో పడాలి. ఊహ బాగుంది. గోడ వెనక ఇసుక మేట వేసి పైపు మూతి మూసుకుపోతే ఎండాకాలంలోనూ మురుగే గోడ దూకుతుంది. మేట తీయడానికి ఏటా డబ్బు, మనిషి ఎస్టిమేట్‌లోనే ఉండాలి. సాధారణంగా ఉండవు. దీనికి భయపడి పెద్ద పైపు వేసి మొత్తం నాలానే పక్కకు తిప్పితే వాననీరు కూడా అందులోనే పోతుంది, చెరువు ఎండుతుంది.

చెరువు పునరుద్ధరణకు అంబర్‌పేట బతుకమ్మ కుంట ఇప్పుడు అందరూ చూపిస్తున్న ఉదాహరణ. 1962-63 రికార్డుల్లో అది 14 ఎకరాల 6 గుంటలు. చెత్త, మట్టి పోసి పూడ్చగా చివరికి మిగిలింది 5 ఎకరాల 15 గుంటలు. చెరువుల, ప్రభుత్వ ఆస్తుల రక్షణకు 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెట్టగానే నీరు ఊరింది. పైన పూడ్చినా కింద ఊట చావలేదన్నమాట. కుంటను 2025 సెప్టెంబరు 28న ప్రారంభించారు. 1908 వరద తేదీ కూడా అదే కావడం కాకతాళీయం. కుంట ప్రారంభానికి రెండు రోజుల ముందు రాత్రి జంట జలాశయాల (ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్) గేట్లు ఎత్తగా మూసీ నీరు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది.