ఎవరి ‘రేపు’ అది?

సోమవారం సికింద్రాబాద్ స్టేషన్ నుంచి రాజు ఫోను చేసి, “రేపు మీ ఇంటికి వస్తాను” అన్నాడనుకుందాం. ఆ మాటను మనం గురువారం కూకట్‌పల్లిలో మరొకరికి చెప్పాలి. అప్పటికి ఆ ‘రేపు’ గడిచిపోయింది. రాజు నోట ‘మీ ఇల్లు’ అయినది మన నోట ‘మా ఇల్లు’ అవుతుంది. వస్తానన్న ‘నేను’ ఇప్పుడు ‘అతను’.

డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌గా మార్చడంలో జరిగేదంతా ఇదే. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో ఒక కేంద్ర సంస్థ, నేటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), వెలసిన నగరం మన హైదరాబాద్. అయినా బడుల్లో, అమీర్‌పేట కోచింగ్ కేంద్రాల్లో పిల్లలకు ఎక్కువగా అందేది పట్టికే: ‘విల్’ ఉంటే ‘వుడ్’, ‘టుమారో’ ఉంటే ‘ద నెక్స్ట్ డే’, ‘హియర్’ ఉంటే ‘దేర్’. రాజు ఫోను పెట్టేసిన వెంటనే పక్కవారికి చెబితే ‘టుమారో’ను కదపనక్కర్లేదన్న సంగతి ఆ పట్టికలో ఉండదు. కారణం తెలియని నియమాన్ని పిల్లలు మోయాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

కారణాన్ని 1934లో కార్ల్ బ్యూలర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త చక్కగా పట్టుకున్నాడు. ప్రతి మాటకూ ‘నేను, ఇక్కడ, ఇప్పుడు’ అనే కేంద్రం ఒకటి ఉంటుందని ఆయన వివరించాడు. ‘రేపు’, ‘అక్కడ’, ‘నువ్వు’ వంటి మాటలకు అర్థం ఆ కేంద్రం నుంచి కొలిస్తేనే వస్తుంది. ఒకరి మాటను మరొకరు చెప్పినప్పుడు రెండు కేంద్రాలు ఎదురుపడతాయి. ఇంగ్లీషు పరోక్ష కథనం, అంటే ఇన్‌డైరెక్ట్ స్పీచ్, దాదాపు అన్నింటినీ చెప్పేవారి కేంద్రానికి లాగేస్తుంది. ‘సెడ్’ భూతకాలం కాబట్టి ‘విల్’ కూడా వెనక్కి జరిగి ‘వుడ్’ అవుతుంది. విషయం నేటికీ నిజమైతే మాత్రం వర్తమానాన్ని అలాగే ఉంచవచ్చు.

తెలుగు దారి వేరు. “వస్తానని రాజు చెప్పాడు” అంటాం. చెప్పడం జరిగిపోయినా ‘వస్తాను’ చెక్కుచెదరదు. కాలమూ రాజుదే, ‘ను’ అన్న ఉత్తమ పురుష ప్రత్యయమూ రాజుదే. కావాలంటే ముందు ‘తాను’ చేర్చి “తాను వస్తానని” అంటాం. కర్త పదం మారినా క్రియ రాజు నోట్లో ఉన్నట్టే ఉంటుంది! దీనివల్ల మనకు దక్కే లాభం చిన్నది కాదు. “వస్తానని చెప్పాడు” అంటే వచ్చేది రాజే. “వస్తాడని చెప్పాడు” అంటే వచ్చేది వేరొకరు. ఇంగ్లీషులో రెండింటికీ ‘హి’ ఒక్కటే, ఎవరన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. తెలుగు సాక్ష్యాన్ని ఇంగ్లీషులో రాసుకునేవారు ఈ తేడాను జాగ్రత్తగా కాపాడాలి.

అయితే ‘రేపు’ దగ్గర మన వాక్యమూ తడబడుతుంది. “రేపు వస్తానని చెప్పాడు” అంటే అది రాజు రేపా, మన రేపా? రెండూ కావచ్చు. అందుకే రాతలో ‘మరునాడు’ అని తేటపరుస్తాం. ఇంగ్లీషు పరోక్ష కథనంలో ‘టుమారో’ ఎప్పుడూ చెప్పేవారిదే.

ప్రశ్నల దగ్గర పొరపాట్లు ఎందుకు వస్తాయో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. “ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు” అన్నప్పుడు తెలుగులో ప్రశ్న ప్రశ్నగానే మిగులుతుంది. ఇంగ్లీషులో అది మామూలు వాక్యంగా మారి, కర్త సహాయక క్రియకు ముందుకు రావాలి: ‘వేర్ ఐ వాజ్ గోయింగ్’. మన విద్యార్థి ‘వేర్ వాజ్ ఐ గోయింగ్’ అని రాశాడంటే అతను అజాగ్రత్తగా ఉన్నాడని కాదు, ప్రశ్నను చెదరకుండా అప్పగించే అలవాటు అతని భాషలోనే ఉంది.

హైదరాబాద్ తరగతి గదిలో దీనికి మరో సాక్ష్యం దొరుకుతుంది. ఉర్దూలో ‘కి’ అనే మాట ముందు వచ్చి, చెప్పిన సంగతి దాని తర్వాత వస్తుంది. ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీ మాట్లాడేవారు తరచూ సంగతి మొత్తం చెప్పి, చివర ‘బోల్కే’ అంటారు, మనం ‘అని’ అన్నట్టే. శతాబ్దాల పొరుగు సావాసం దక్కనీకి ఇచ్చిన పోకడ ఇది. ‘అని’తో మొదలుపెట్టి ఇంగ్లీషు పద్ధతిని వివరించే ఉపాధ్యాయురాలు పక్కపక్కన కూర్చున్న తెలుగు, దక్కనీ పిల్లలిద్దరికీ ఒకే పాఠం చెప్పవచ్చు.