పాత బండి స్టిక్కరు చిరగకుండ తియ్యాల్నంటే: అపోహలు – వాస్తవాలు

మొన్న దేవరకొండ దిక్కు నుంచి ఒకాయన వాళ్ళ నాయిన చేతక్ స్కూటర్‌ని ట్రాలీ ఆటోల ఏసుకొని నల్గొండకు వచ్చిండు. బండి మొత్తం రంగు కొట్టాలె గని వెనక నంబర్ ప్లేటు పైన ఉన్న షోరూం స్టిక్కరు మాత్రం పోవద్దు, దాని మీద అప్పటి నాలుగంకెల ఫోన్ నంబరు గూడ ఉన్నది. తీరా చూస్తే ఎవరో అప్పటికే హీట్ గన్ (వేడి గాలి కొట్టే మిషన్) పెట్టిండ్రు, సగం స్టిక్కరు ముడుచుకపోయి కింద రంగు బుడగలు లేసింది. ఆయన మొహం చూడలేకపోయిన. ఇసొంటి కేసులు మళ్ళ మళ్ళ వస్తున్నయి, అందుకే రాస్తున్న.

అపోహ: ఎంత వేడి పెడితే అంత సాఫీగ ఊడొస్తది.

వాస్తవం: వేడి పెట్టేది గమ్ము మెత్తబడనీకి, స్టిక్కరును ఉడకబెట్టనీకి కాదు. రేకు మీద చెయ్యి పెడితే రెండు మూడు సెకన్లు ఓర్చుకునేంత వేడి చాలు. హీట్ గన్ ఫుల్లు పెడితే మూతికాడ 500 డిగ్రీలు దాటుతది, పెయింటర్లు పాత రంగు లేపనీకి వాడే మిషనే అది, మరి మీ బండి రంగును ఎందుకు వదుల్తది చెప్పుండ్రి.

ఇంకో సంగతి, వినైల్ స్టిక్కరు ఏండ్లకేండ్లు ఎండల ఉంటే దాన్ని మెత్తగ ఉంచే ప్లాస్టిసైజర్ పోతది, గట్టిపడి దగ్గరికి గుంజుకపోతది. దగ్గరకొచ్చి చూస్తే అంచు చుట్టూ సన్నటి నల్ల గీత కనవడతది, అది స్టిక్కరు లోపలికి జరిగితే బయటపడ్డ గమ్ముకు పట్టిన దుమ్ము. ఆ గీత కనవడిందంటే ఇంకా నిమ్మళంగ చెయ్యాలె. చల్లగ ఉన్నప్పుడు లాగితే పెంకు లెక్క పగుల్తది, బాగ కాలినప్పుడు లాగితే సాగి అక్షరాలు వంకర పోతయి, సాగినది మళ్ళ సక్కగ కాదు.

అసలు స్టిక్కరును లాగుడే తప్పు, కొయ్యాల్సింది గమ్మును. హెయిర్ డ్రైయర్ జానెడు దూరం నుంచి ఆడిస్తూ పెట్టుండ్రి. ఎండాకాలంల అది గూడ అక్కర్లేదు, మన దగ్గర మే నెల పగటి ఎండకు రేకు దానంతటదే కాలుతది. ఒక మూల కొంచెం లేవంగనే చేపల గాలానికి కట్టే నైలాన్ దారం, సాగర్ దిక్కు ఏ కొట్ల అడిగినా ఇస్తరు, దాన్ని కిందకు దూర్చి రంపం లెక్క అటిటు ఆడిస్తూ గోరంత గోరంత ముందుకు పోవాలె. లేచినకాడికి కింద రేడియం షాపుల స్టిక్కరు ఒలిచి పారేసే నున్నటి కాగితం దూరుస్తూ పోతే గమ్ము మళ్ళ రేకుకు అంటుకోదు. అరచేతంత స్టిక్కరుకు నాకు గంట పడతది. బ్లేడు, స్క్రూడ్రైవర్ దగ్గరికి రానీయొద్దు.

పెట్రోల్ ట్యాంకు మీద స్టిక్కరైతే జర ఆగుండ్రి. ట్యాంకు ఖాళీ చేసినం గద అంటరు, ఖాళీ ట్యాంకుల ఆవిరే ఎక్కువ ప్రమాదం. ట్యాంకు ఊడదీసి, నిండ నీళ్ళు పోసి, ఎండకే పెట్టుండ్రి, మిషన్లు ఒద్దు.

అపోహ: థిన్నర్ గుడ్డతోని తుడిస్తే అయిపాయె.

వాస్తవం: గమ్ము కంటె ముందు స్టిక్కరు మీది ప్రింటు పోతది, పాత ఎన్‌సీ (నైట్రో సెల్యులోజ్) పెయింటైతే రంగే గుడ్డకు వస్తది. పెట్రోల్ కొంచెం నిదానం, గని అది గూడ ప్రింటును పాడు చెయ్యొచ్చు.

అపోహ: ఏ బొమ్మైనా ఊడొస్తది.

వాస్తవం: గోరుతోని అంచు గీకి చూడుండ్రి. గోరుకు తగల్లేదంటే అది క్లియర్ కోటు (రంగు మీద కొట్టే పారదర్శక పూత) కింద ఉన్నట్టు, లేకుంటే ట్రాన్స్‌ఫర్, అంటే రేకు మీదికే ఎక్కించిన సన్నటి అచ్చు బొమ్మ. అది రాదు, రంగు పడకుండ టేపుతోని మూసి (మాస్కింగ్) కాపాడుకోవాలె అంతే. పనిల కొత్తగ ఉన్నప్పుడు మా అమ్మ కుట్టుమిషన్ జిడ్డు పోగొడదామని థిన్నర్ పెట్టి తుడిచిన. నల్ల రంగు మీద బంగారు పూలుంటయి గద, రెండు పూలు పచ్చగ గుడ్డ మీదికి వచ్చినయి. అమ్మ ఏమనలే, గుడ్డ దిక్కు చూసి మళ్ళ కుట్టుకోవట్టింది. ఇప్పటికీ ఆ మిషన్ మీద ఆ జాగ ఉత్తగనే ఉన్నది. ముట్టే ముందు ఎక్కడన్న కనవడని మూల చూసుకోండ్రి అని అందరికీ అందుకే చెప్తున్న.

తీసినంక వెనక గమ్ము తుడవకుండ్రి, అదే కాగితం మీద పెట్టి చదునుగ దాచుండ్రి, చుట్ట చుడితే పగుల్తది. మళ్ళ అతికించేటట్టైతే కొత్త రంగు పూర్తిగ ఆరనియ్యాలె, కనీసం రెండు మూడు వారాలు, లేకుంటే లోపలి థిన్నర్ ఆవిరికి బుడగలొస్తయి. పాత స్టిక్కరు మీద క్లియర్ కొట్టించొద్దు, ముడతలు పడొచ్చు. ఇవన్నిటి కంటె ముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోవాలె, ట్రేసింగ్ పేపర్ మీద అంచుల కొలతలు గుర్తు పెట్టుకోవాలె.

దేవరకొండాయన స్టిక్కరుల ఫోన్ నంబరున్న సగం మంచిగనే వచ్చింది. దాని కింద అగ్గిపెట్టెంత జాగల ఎండ తగలని అసలు రంగు కొత్త బండి లెక్క మెరుస్తున్నది. ఆయన దాని మీద వేలు పెట్టి, అన్నా, బండంత గిదే రంగు కొట్టు అన్నడు. షేడు కలిపించనీకి ఆ వెనక రేకు ఒక్కటే విప్పరాదు గద, బండినే తోలుకొని పెయింట్ షాపుకు పోయినం.