నిద్రలేమికి సూది ఎంతవరకు పనిచేస్తుంది?

నిద్ర పట్టదని ఆక్యుపంక్చర్‌కు వెళ్లేవాళ్లు సూదులన్నీ తలకే గుచ్చుతారేమో అనుకుంటారు. నడినెత్తిన బైహుయ్ అనే బిందువు ఉన్నమాట నిజమే. కానీ ఎక్కువగా వాడేవి చేతికీ కాలికీ ఉన్నాయి. మణికట్టు ముడత మీద, చిటికెన వేలి వైపు తాడులా తగిలే స్నాయువుకు లోపలి పక్కన ఉన్నది షెన్‌మెన్. చీలమండ లోపలి గుబ్బ నుంచి నాలుగు వేళ్ల వెడల్పు పైకి, కాలి ఎముక వెనక అంచున ఉన్నది సాన్‌యిన్‌జియావో. ఆ నాలుగు వేళ్లు రోగివి, వైద్యుడివి కావు.

సూది లావు 0.20 నుంచి 0.30 మిల్లీమీటర్లు. మణికట్టు దగ్గర సుమారు ఒక సెంటీమీటరుకు మించి దించరు, పక్కనే ధమనీ నాడీ ఉంటాయి. గుచ్చి మెల్లగా తిప్పితే చర్మం కింది కొల్లాజెన్ పోగులు సూదికి చుట్టుకుంటాయి. లోపల ఏదో లాగినట్టు, బరువెక్కినట్టు అనిపిస్తుంది. ఒకే వైపు అదేపనిగా తిప్పితే సూది పట్టేస్తుంది, అప్పుడు బలంగా లాగకుండా వెనక్కి తిప్పి వదులు చేయాలి. సాధారణంగా 20-30 నిమిషాలు ఉంచుతారు. వారానికి 2-3 సార్లు, కొన్ని వారాల పాటు.

మరి నిద్ర పడుతుందా? చాలామంది పట్టిందనే చెబుతారు. అయితే అది సూది మహిమా, అరగంట కదలకుండా పడుకున్న ఫలితమా? నిద్రలేమి దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి వైద్యానికి వెళ్లేది అది ముదిరినప్పుడే కాబట్టి, ఏం చేసినా చేయకపోయినా తర్వాత కొంత తగ్గే అవకాశం ఎక్కువ. ఈ చిక్కు తీయడానికి 1998లో ఉత్తుత్తి సూది వచ్చింది. మొన మొద్దు, నొక్కితే నాటకాల కత్తిలా పిడిలోకి జారిపోతుంది. రోగి గుచ్చారనే అనుకుంటాడు. కానీ గుచ్చే వైద్యుడికి తెలుసు, పైగా మొద్దు మొన తాకిడి కూడా స్పర్శే. అందుకే ఈ పరీక్షల్లో మచ్చలేని జవాబు దొరకదు. 2012లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష 33 అధ్యయనాలను జల్లెడ పట్టి, అవుననడానికీ కాదనడానికీ వాటి నాణ్యత చాలదని తేల్చింది.

2019లో క్యాన్సర్ నుంచి బయటపడిన 160 మందిపై జరిగిన పోలిక నాకు ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. నిద్రలేమి తీవ్రత సూచీలో (గరిష్ఠం 28) 8 వారాలకు ఆక్యుపంక్చర్ వాళ్లకు సగటున 8.3 తగ్గితే, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే ప్రవర్తనా చికిత్స వాళ్లకు 10.9 తగ్గింది. మొదట పట్టాల్సింది ఆ రెండో దారి. సూది దానికి తోడు.

గర్భిణులకు సాన్‌యిన్‌జియావో సాధారణంగా వాడరు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఖాళీ కడుపుతో, కూర్చుని గుచ్చించుకుంటే కళ్లు తిరగొచ్చు, పడుకోవడమే మేలు. సీల్ విప్పని, ఒక్కసారి వాడి పారేసే సూదులే కావాలి. నిద్రమాత్రలు ఉన్నట్టుండి మానకూడదు. గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే అది వేరే జబ్బు, దానికి వేరే పరీక్ష. వీటన్నిటికన్నా ముందు 2 వారాలు డైరీ రాయండి: మంచమెక్కిన వేళ, నిద్ర పట్టిన వేళ, మధ్యలో మెలకువలు, లేచిన వేళ. చికిత్స మొదలయ్యాకా అదే డైరీ కొనసాగించండి.