వైఫైకి ఎంటర్‌ప్రైజ్ సెక్యూరిటీ: అపోహలు – వాస్తవాలు

ఆఫీసులోనో కాలేజీలోనో అందరికీ ఒకే వైఫై పాస్‌వర్డ్ ఇస్తారు. అది క్యాంటీన్ దాకా పాకాక, ఒక్కొక్కరికీ విడిగా లాగిన్ ఉండే ఎంటర్‌ప్రైజ్ పద్ధతికి మారదామంటారు. మారాల్సిందే. అయితే ఇందులో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) మీద చేసే పని చాలా తక్కువ. కొంత పని లాగిన్‌లను సరిచూసే రేడియస్ సర్వర్‌లో ఉంటుంది, అసలు పనంతా ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది.

అపోహ: యాక్సెస్ పాయింట్‌లో డబ్ల్యూపీఏ2-ఎంటర్‌ప్రైజ్ ఎంచుకుంటే చాలు.

వాస్తవం: ఎంటర్‌ప్రైజ్ పద్ధతికి ఆధారమైన 802.1ఎక్స్ ప్రమాణంలో యాక్సెస్ పాయింట్ పని కబురు మోయడమే. లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చేది రేడియస్ సర్వర్. యాక్సెస్ పాయింట్‌లో సర్వర్ ఐపీ, యూడీపీ పోర్ట్ 1812, అకౌంటింగ్‌కు (ఎవరు ఎంతసేపు వాడారో రాసుకోవడానికి) 1813, షేర్డ్ సీక్రెట్ (ఆ రెండిటికే తెలిసిన రహస్య పదం) ఇవ్వాలి. సర్వర్ వైపు యాక్సెస్ పాయింట్ ఐపీని క్లయింట్‌గా నమోదు చేసి అదే సీక్రెట్ ఇవ్వాలి. ఆ ఐపీ మారకుండా స్టాటిక్‌గా పెట్టండి, లేదా డీహెచ్‌సీపీలో (ఐపీలు పంచే సర్వీసు) రిజర్వ్ చేయండి. ట్యుటోరియల్స్‌లో కనిపించే 'టెస్టింగ్123' అనే సీక్రెట్‌ను అలాగే వదిలేయకండి.

ఐపీ నమోదు కాకపోయినా, సీక్రెట్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా సర్వర్ 'కుదరదు' అని కూడా చెప్పదు. ప్యాకెట్‌ను పక్కన పడేసి ఊరుకుంటుంది. ఫోన్ 'కనెక్ట్ అవుతోంది' అంటూ తిరుగుతూనే ఉంటుంది, యూజర్ పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటాడు. అందుకే ముందు సర్వర్ లాగ్ చూడాలి. ఫ్రీరేడియస్ (ఉచిత రేడియస్ సాఫ్ట్‌వేర్) అయితే సర్వీసును ఆపి డీబగ్ మోడ్‌లో నడిపితే ప్రతి ప్యాకెట్ కళ్లముందే కనిపిస్తుంది. అక్కడ ఏమీ రాకపోతే ఫైర్‌వాల్ లేదా ఐపీ తప్పు. విండోస్ సర్వర్‌లోని రేడియస్ అయిన ఎన్‌పీఎస్‌లో ఈవెంట్ 6273 వచ్చిందంటే రిక్వెస్ట్ చేరింది, సర్వర్ కాదంది అని అర్థం. రీజన్ కోడ్ 16 అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూడండి. 48 అయితే ఏ నెట్‌వర్క్ పాలసీ కూడా సరిపోలేదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఒక మాట: అసలు ఎంటర్‌ప్రైజ్ ఆప్షనే కనిపించకపోతే అందులో ఉన్నది 'డబ్ల్యూపీఏడీ-బేసిక్' అనే కుదించిన వైఫై ప్యాకేజీ అయి ఉంటుంది. దాన్ని తీసేసి పూర్తి డబ్ల్యూపీఏడీ ప్యాకేజీ వేయాలి.

అపోహ: ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే కాబట్టి దొంగిలించడం కుదరదు.

వాస్తవం: అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. మీ నెట్‌వర్క్ పేరుతోనే పార్కింగ్‌లో ఎవరైనా దొంగ యాక్సెస్ పాయింట్, దాని వెనక ఒక రేడియస్ పెట్టవచ్చు. సర్వర్ సర్టిఫికెట్‌ను సరిచూడని ఫోన్ దానికి నేరుగా కనెక్ట్ అయిపోతుంది. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీఈఏపీ పద్ధతిలో లోపల ఎక్కువగా నడిచేది, పాస్‌వర్డ్‌ను సరిచూసే ఎంఎస్‌చాప్‌వీ2. దాన్ని ఛేదించడమంటే డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్‌కు చెందిన ఒక్క 56 బిట్ల కీని వెతకడమేనని 2012లోనే చూపించారు. పాస్‌వర్డ్ ఎంత పెద్దదైనా ఆ లెక్క మారదు. పైగా చాలాచోట్ల ఈమెయిల్‌కూ ఫైల్ సర్వర్‌కూ అదే పాస్‌వర్డ్.

కాబట్టి ప్రతి పరికరంలో రెండు సెట్ చేయాలి: మీ సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే అథారిటీ) సర్టిఫికెట్, రేడియస్ సర్వర్ డొమైన్ పేరు. ఈ పని యూజర్ల చేతికి వదలకండి. విండోస్‌కు గ్రూప్ పాలసీ, ఐఫోన్‌కు ప్రొఫైల్, ఆండ్రాయిడ్‌కు ఎండీఎం (ఫోన్లను ఒకేచోట నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) ద్వారా పంపండి. పాత ఆండ్రాయిడ్‌లో 'సర్టిఫికెట్ చూడవద్దు' అనే ఆప్షన్ ఉండేది, హెల్ప్‌డెస్క్‌లు దాన్నే నొక్కమనేవి. ఆండ్రాయిడ్ 11 తర్వాతి ఫోన్లలో అది చాలావరకు పోయింది. మంచిదే అయింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాస్‌వర్డ్‌ల జోలికే పోకుండా, పరికరం కూడా సర్టిఫికెట్ చూపే ఈఏపీ-టీఎల్ఎస్‌కు వెళ్లడం మేలు. విండోస్ 11 22హెచ్2 నుంచి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో డిఫాల్ట్‌గా ఆన్ అయ్యే క్రెడెన్షియల్ గార్డ్ (పాస్‌వర్డ్‌లను కాపాడే ఫీచర్) వల్ల పీఈఏపీ సింగిల్ సైన్-ఆన్ (విండోస్ లాగిన్‌తోనే వైఫైకి కనెక్ట్ కావడం) ఎలాగూ పనిచేయదు. అయితే సర్టిఫికెట్లతో ప్యాకెట్లు పెద్దవవుతాయి. బ్రాంచి ఆఫీసు నుంచి వీపీఎన్ మీదుగా రేడియస్‌కు వెళ్లేటప్పుడు అవి ముక్కలై దారిలో రాలిపోవచ్చు. హెడ్ ఆఫీసులో పనిచేసి బ్రాంచిలో మధ్యలోనే ఆగిపోతోందంటే మొదటి అనుమానం దీని మీదే. రేడియస్ పాలసీలో ఫ్రేమ్డ్-ఎంటీయూ (ప్యాకెట్ పరిమాణానికి హద్దు) 1344 పెట్టి చూడండి.

అపోహ: డబ్బులిచ్చి కొన్న పబ్లిక్ సర్టిఫికెట్ అయితే ఇంకా భద్రం.

వాస్తవం: వెబ్‌సైట్‌కు అవునేమో, ఇక్కడ కాదు. ఫోన్‌లో 'సిస్టమ్ సర్టిఫికెట్లు' ఎంచుకుని డొమైన్ ఖాళీగా వదిలితే, ఏదో ఒక డొమైన్‌కు పబ్లిక్ సర్టిఫికెట్ తెచ్చుకున్న ఎవడైనా మీ సర్వర్‌గా చలామణి అవుతాడు. సొంత ప్రైవేట్ సీఏ అయితే ఆ తలుపు మూసుకుంటుంది. సర్వర్ సర్టిఫికెట్‌లో సర్వర్ అథెంటికేషన్ ఈకేయూ (సర్టిఫికెట్ ఏ పనికో చెప్పే గుర్తు), శాన్ పేరు (అది ఏ డొమైన్‌దో చెప్పేది) తప్పనిసరిగా ఉండాలి. సొంత సీఏ ఇచ్చే టీఎల్ఎస్ సర్వర్ సర్టిఫికెట్లకు ఆపిల్ పెట్టిన హద్దు 825 రోజులు, దాన్ని దాటకండి. గడువు తేదీని ఇద్దరి క్యాలెండర్లలో రాయండి. అది ముగిసిన రోజున వైఫై ఒక్కసారిగా అందరికీ ఆగిపోతుంది.

అపోహ: మెనూలో అన్నిటికన్నా పెద్ద నంబరు ఎంచుకోవాలి.

వాస్తవం: డబ్ల్యూపీఏ3 192-బిట్ మోడ్‌లో ఈఏపీ-టీఎల్ఎస్ ఒక్కటే నడుస్తుంది, అదీ ఆర్ఎస్ఏ 3072 లేదా పీ-384 స్థాయి కీలతో. పీఈఏపీ వాడే పరికరాలు ఒక్కటీ కనెక్ట్ కావు. మామూలు ఆఫీసుకు పీఎంఎఫ్ (వైఫై నియంత్రణ సందేశాలకు రక్షణ) తప్పనిసరి చేసిన సాధారణ డబ్ల్యూపీఏ3-ఎంటర్‌ప్రైజ్ సరిపోతుంది. పాత స్కానర్లు, ప్రింటర్లు ఉంటే పీఎంఎఫ్ 'ఆప్షనల్'తో, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ నడిచే ట్రాన్సిషన్ మోడ్ పెట్టండి.

అపోహ: నెట్‌వర్క్ పేరు దాచి, మ్యాక్ ఫిల్టర్ (పరికరం హార్డ్‌వేర్ అడ్రస్‌ను బట్టి అనుమతించడం) పెడితే అదనపు రక్షణ.

వాస్తవం: ఎన్‌క్రిప్షన్ ఉన్నా మ్యాక్ అడ్రస్‌లు గాలిలో బాహాటంగానే వెళ్తాయి. కాపీ చేయడం నిమిషం పని. పేరు దాచితే ఫోన్లే వెళ్లిన చోటల్లా ఆ పేరుతో పిలుస్తూ తిరుగుతాయి. రెండూ తీసేయండి.

అపోహ: కనెక్ట్ అయి ఐపీ రాలేదంటే రేడియస్‌లో తప్పుంది.

వాస్తవం: లాగ్‌లో యాక్సెప్ట్ ఉంటే రేడియస్ తలుపు తీసినట్టే. వీఎల్ఏఎన్ (ఒకే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) వైపు చూడండి. యూజర్‌ను బట్టి వీఎల్ఏఎన్ ఇస్తుంటే సర్వర్ మూడు విలువలు పంపాలి: టన్నెల్-టైప్ 13, టన్నెల్-మీడియం-టైప్ 6, ప్రైవేట్-గ్రూప్-ఐడీలో వీఎల్ఏఎన్ నంబరు. ఆ వీఎల్ఏఎన్‌ను యాక్సెస్ పాయింట్ తగిలించిన స్విచ్ పోర్ట్ ట్రంక్‌లో (పలు వీఎల్ఏఎన్‌లను మోసే లింక్) కూడా అనుమతించాలి. ఎక్కువసార్లు మరిచిపోయేది ఇదే. ఫ్రీరేడియస్‌లో ఈ విలువలను ఇన్నర్ టన్నెల్‌లో (పాస్‌వర్డ్ సరిచూసే లోపలి దశ) రాస్తే వాటంతటవే బయటికి రావని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: ఉద్యోగి వెళ్లిపోయాక అకౌంట్ ఆపితే వైఫై వెంటనే కట్ అవుతుంది.

వాస్తవం: అప్పటికే నడుస్తున్న సెషన్ నడుస్తూనే ఉంటుంది. కీని క్యాష్ చేసుకునే యాక్సెస్ పాయింట్ అయితే మళ్లీ కనెక్ట్ అయినా సర్వర్‌ను అడగకపోవచ్చు. సెషన్-టైమౌట్‌ను 8 గంటలకు, అంటే 28800 సెకన్లకు పెట్టి, గడువు ముగిశాక మళ్లీ సర్వర్‌ను అడిగేలా టర్మినేషన్-యాక్షన్‌ను రేడియస్-రిక్వెస్ట్ చేయండి. వెంటనే బయటికి పంపాలంటే సీఓఏ (నడుస్తున్న సెషన్‌ను మార్చమని లేదా ముగించమని సర్వర్ పంపే ఆదేశం) వాడాలి, దానికి యాక్సెస్ పాయింట్‌లో యూడీపీ 3799 తెరిచి ఉండాలి. ఈఏపీ-టీఎల్ఎస్‌లో సర్వర్ డైరెక్టరీని (యూజర్ అకౌంట్ల జాబితా) చూడకుండా సర్టిఫికెట్‌నే నమ్మేలా సెట్ అయి ఉంటే అకౌంట్ ఆపడం ఒక్కటే సరిపోదు. సర్టిఫికెట్‌ను రద్దు చేయాలి, సర్వర్ సీఆర్ఎల్ (రద్దయిన సర్టిఫికెట్ల జాబితా) చూసేలా పెట్టాలి, ఆ సీఆర్ఎల్ గడువు దాటకుండా కొత్తది ప్రచురిస్తూ ఉండాలి.