స్టోక్‌సే కాసిల్: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల రిపేర్ పనిలో ఉన్నాను కాబట్టి ఇంగ్లండ్ తిరగడానికొచ్చిన మనవాళ్ళు స్టోక్‌సే అనే పాత కోట ఫోటోలు పంపి ఏదోటి అడుగుతూనే ఉంటారు, ఎక్కువగా వచ్చేవి ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: కందకం, బురుజు ఉన్నాయి, వేల్స్ సరిహద్దు కూడా దగ్గరే, అంటే మన గోల్కొండలా యుద్ధాల కోసం కట్టిందే.

వాస్తవం: కట్టించింది రాజు కాదు, లారెన్స్ ఆఫ్ లడ్లో అనే ఉన్ని వ్యాపారి. 1281లో ఈ ఎస్టేట్ తీసుకుని పెద్ద హాలు, గదులు, టవర్ కట్టించుకున్నాడు. హాల్లో నిలబడి కిటికీలు చూడండి, ఒక్కోటి ఎంత పెద్దవో, కందకం వైపు గోడకీ ఉన్నాయి. ముట్టడి భయం ఉన్నవాడు బయటి గోడకి అలాంటి కిటికీలు పెట్టుకోడు కదా. 1291లో రాజు ఎడ్వర్డ్ 1 దగ్గర కోటకొమ్మలు (గోడ పైన పళ్ళలా ఉండే అంచు) కట్టుకోడానికి పర్మిషన్ తెచ్చుకున్నది నిజమే, కానీ ఆ కాలంలో అది చాలామందికి హోదా గుర్తు, దొంగల భయం కూడా కొంత ఉండేదనుకోండి. పాపం 1294లో ఉన్ని ఓడతో పాటు సముద్రంలో మునిగి చనిపోయాడు, ఇల్లు మాత్రం వంశంలోనే తరాల పాటు ఉంది.

అపోహ: మొత్తం 13వ శతాబ్దానిదే.

వాస్తవం: ముందున్న పసుపురంగు గేట్‌హౌస్ 1640 ప్రాంతంలోది, అప్పటికి ఇది జమీందారీ ఇల్లయిపోయింది. దాని చెక్కమీద ఆదాము, అవ్వ బొమ్మలు చెక్కి ఉంటాయి. వయసెలా తెలుస్తుందంటే ఓక్ దూలంలోంచి పెన్సిల్ మందం ముక్క డ్రిల్ చేసి తీస్తాం, నున్నగా అరగదీసి చెట్టుకి ఏడాదికొకటి చొప్పున ఏర్పడే ఒక్కో వలయం వెడల్పు కొలిచి, ఆ ప్రాంతం చెట్ల పాత రికార్డుతో పోల్చి చూస్తాం, బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టు కొట్టిన సంవత్సరం దొరుకుతుంది. అప్పట్లో ఓక్‌ని పచ్చిగానే వాడేవాళ్ళు కాబట్టి కట్టిన ఏడు కూడా దాదాపు అదే.

అపోహ: యుద్ధంలో ధ్వంసమైంది.

వాస్తవం: 1645లో, రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, పార్లమెంటు సైన్యం వస్తే పోరాటం లేకుండానే అప్పగించేశారు, ప్రహరీ గోడ పోయినా ఇల్లు మిగిలింది. తర్వాత ఖాళీగా పడుండి ఉంటే కప్పు కూలిపోయేదే, కానీ రైతులు ధాన్యం నిల్వకీ, పీపాలు చేసేవాళ్ళు పనికీ వాడుకున్నారు, వాడకంలో ఉన్న ఇంటికి ఎవరో ఒకరు కప్పు చూసుకుంటారు, నా అనుభవంలో పాత ఇళ్ళని కాపాడేది ఎక్కువగా ఇదే. 1869లో గ్లౌజుల వ్యాపారి జాన్ డెర్బీ ఆల్‌క్రాఫ్ట్ కొని రిపేర్ చేయించాడు, తను కాపురానికి దగ్గర్లోనే వేరే భవనం కట్టుకున్నాడు గానీ దీన్ని మార్చలేదు, దానికి ఆయనకి నిజంగా దండం పెట్టాలి.

వెళ్తే యజమాని గదిలో పొయ్యికి అటూ ఇటూ ఉన్న చిన్న కంతలు తప్పక చూడండి, వాటిలోంచి కింద హాల్లో ఎవరేం చేస్తున్నారో కనిపిస్తుంది.